అర్జీలు వ్రాయు గది

ఆదివారములందు మీరు చేయు పని యేమిటి, దానినిగూర్చి మన పత్రికకు నాలుగు పుటలు వ్రాయరాదా, అని పత్రికా సంఘములోని పదవ తరగతి విద్యార్థులు కోరినారు. తెలుగు ఉపాధ్యాయుడు పత్రికకు వ్రాయుట యనగా ఛందస్సునుగూర్చియో, కావ్యమునుగూర్చియో వ్రాయుట వాడుక. ఈ సంవత్సరము ఆ వాడుకను తప్పించి, చదువరుల ఓర్పును నమ్ముకొని, అలంకారములు లేని యొక విషయమును చెప్పబూనుచున్నాను.

నేను బళ్ళారిలో పుట్టి పెరిగినవాడను. 1953 అక్టోబరు 1వ తేదీన ఈ సీమ మైసూరు రాష్ట్రమున చేరినది. మా యిండ్లలో ఇంటిమాట తెలుగు, కచ్చేరిమాట కన్నడము. అనంతపురమున పండిత శిక్షణము ముగించుకొని వచ్చి, ఇచ్చటనే తెలుగు చెప్పుచున్నాను. రెండు లిపులును చేతికి అలవడియుండుటచే ఇరుగుపొరుగువారు అర్జీలు వ్రాయించుకొనుటకు మా అరుగుమీదికి వచ్చెడివారు. రేషను కార్డు, ఇంటి పట్టా, వృద్ధాప్యపు పింఛను, ఇట్టివి. వానిలో కొన్ని ఒకే తీరుగ నుండెను. పిల్లవానికి పదేండ్లు వచ్చినను మాట రాలేదు. చెల్లెలు మూడేండ్లనుండి గది దాటి వెలుపలికి రాదు. తమ్ముడు రాత్రులందు నిదురింపక గోడతో మాటలాడును. వీరు అడుగునది అర్జీయే గాని, అర్జీ ముగిసిన పిమ్మట లేచిపోరు. కాగితమును మడిచి చేతబట్టుకొని కూర్చుందురు. ఆ కూర్చుండుటనుండియే యీ పని పుట్టినది.

ఎనిమిదేండ్లుగా ఒక మిత్రుని పాత గోదాములోని ముందరి గది మాకు ఆదివారపు ఉదయములందు దొరకుచున్నది. పది గంటలనుండి ఒంటిగంట వరకు కూర్చుందుము. నలుగురము: నేను, పదవీ విరమణ చేసిన ఒక నర్సమ్మగారు, బాల్యమున పోలియో సోకి, మూడుచక్రముల బండిమీద తిరుగుచు, మొబైలు ఫోనులు బాగుచేయు ఒక యువకుడు, బుద్ధిమాంద్యము గల కుమార్తెను ఇరువదిరెండేండ్లుగా సాకుచున్న ఒక తల్లి. మాలో అసలు పండితురాలు ఆమెయే. మాకు బోర్డు లేదు. వ్రాయింపలేక కాదు. మొదటి యేట ఒక దాత రేకు బోర్డు ఇచ్చెదననగా ఆ తల్లియే వలదన్నది. "బోర్డు కింద నిలబడితే ఊరంతా చూస్తుంది సారూ. అర్జీ రాయించుకోడానికి పోయొస్తి అంటే ఎవురూ ఏమీ అడగరు" అన్నది. కావున నేటికిని మేము అర్జీలు వ్రాయువారమే. చెల్లెలి పెండ్లి సంబంధము చెడునేమో యను భయముతో అన్నగారి వ్యాధిని దాచు ఇండ్లు ఎన్నియో కలవు. ఆ భయమును నవ్వి కొట్టివేయుటకు నాకు మనసు రాదు. ఏలయన అట్లు చెడిన సంబంధములను నేను చూచియున్నాను.

తెలుగు ఉపాధ్యాయునకు మొదట తగిలిన చిక్కు మాటలది. మన వాడుకలో 'పిచ్చి' అను నొక్క మాట ఎన్నింటిని మోయుచున్నది! పుట్టుకనుండి బుద్ధి మెల్లగ ఎదుగు బిడ్డయు, ఇరువదవ యేట హఠాత్తుగ లేని గొంతులు వినసాగిన యువకుడును, కాన్పు అయిన పిదప కారణము తెలియక ఏడ్చుచుండు బాలింతయు, మూర్ఛలు వచ్చు బాలికయు, అందరును ఆ మాట క్రిందికే వత్తురు. కన్నడమున 'హుచ్చు' అన్నను అంతియే. కాని మొదటిది వ్యాధి కాదు, మందుతో పోవునది కాదు. ఓర్పుతో ఒక్కొక్క పనిని అలవరచవలసినది. రెండవది వ్యాధి, వైద్యమునకు లొంగును. మూర్ఛ మెదడునకు సంబంధించిన వేరొక వ్యాధి. ఈ భేదము తెలియక, మందు ఇప్పింపవలసినవానికి తాయెత్తులును, బడికి పంపవలసిన బిడ్డకు మందులును కొనిపెట్టి, ఉన్నది కాస్త కరగించుకొన్నవారు మాయొద్దకు వచ్చుచుందురు. 1995 నాటి చట్టము 7 వైకల్యములను చెప్పెను. 2017 ఏప్రిలు 19 నుండి అమలునకు వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వానిని 21 చేసినది. రెండింటిలోను బుద్ధిమాంద్యమునకు వేరు స్థానము, మానసిక వ్యాధికి వేరు స్థానము ఉన్నవి. చట్టమునకున్న ఆ వివేకము మన నాలుకకు ఇంకను రాలేదు.

ధ్రువపత్రము సంగతి కొంత విపులముగ చెప్పవలెను, మా ఆదివారములు చాలవరకు దానితోనే గడచును గనుక. పింఛను, బస్సు రాయితీ మొదలగువానికి మూలము 40 శాతమను అంకె. మానసిక వ్యాధి గలవారి వైకల్యమును కొలుచుటకు ఐడియాస్ అను కొలబద్ద కలదు. తన్ను తాను చూచుకొనుట, ఇతరులతో మెలగుట, మాటను గ్రహించి మాటలాడుట, పని చేయుట, ఈ నాలుగింటికి ఒక్కొక్కదానికి 0 నుండి 4 వరకు అంకెలు వేయుదురు. వ్యాధి యెన్నేండ్లనుండి ఉన్నదో దానికి వేరుగ అంకె కలుపుదురు. మొత్తము 7కు చేరినగాని 40 శాతము కాదు. వైద్యుడు తల్లిని అడుగును: స్నానము తానే చేయునా? తల్లి తల వంచుకొని, "అన్నీ వాడే చేసుకుంటాడు సార్" అనును. కొత్తవారి యెదుట కన్నబిడ్డ గౌరవమును కాపాడుకొనుట ఆమెకు ధర్మము. ఆ ఒక్క మాటతో రెండంకెలు పోవును. అడగనిదే అమ్మయినను పెట్టదందురు. ఇచ్చట అమ్మ చెప్పనిదే సర్కారు పెట్టదు.

కావున నర్సమ్మగారు ఒక ఏర్పాటు చేసిరి. పరీక్షకు నెలముందు ఒక నోటుబుక్కు చేతికిచ్చి, దినదినము జరిగినది జరిగినట్లు వ్రాయుమందుము. ఎప్పుడు లేచెను, ఎన్నిమార్లు చెప్పిన తరువాత పండ్లు తోముకొనెను, ఎవరితో మాటలాడెను, అన్నము ముందర పెట్టిన తరువాత ఎంతసేపటికి తినెను. ఎక్కువ చేయరాదు, తక్కువ చేయరాదు. వ్రాత రానివారికి ఆ యింటి బడిపిల్ల వ్రాసిపెట్టును. ఇంతచేసినను అన్ని అర్జీలును గట్టెక్కవు. ఒక కార్డున పేరు చివర 'అమ్మ' ఉండి, ఇంకొక కార్డున లేనందున, ఒక కచ్చేరినుండి ఒక అర్జీ మూడుమార్లు తిరిగివచ్చెను. ఆ 'అమ్మ' కొరకు ఒక యమ్మ మూడు దినముల కూలి పోగొట్టుకొన్నది.

ఇచ్చట మన ఊరికి గల ఒక గౌరవమును చెప్పక తప్పదు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము ఏర్పడిన పిదప, బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 1985 నుండి బళ్ళారి జిల్లాలో ఒక ప్రయోగము నడపినది. రోగిని దూరపు పెద్దాసుపత్రికి ఈడ్చుకొనిపోవుటకు మారుగ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునకును, ఇంటింటికి తిరుగు ఆరోగ్య కార్యకర్తకును శిక్షణ ఇచ్చి, ముఖ్యమైన కొన్ని మందులు పల్లెలకు చేరువలో దొరకునట్లు చేసిరి. ఆ ప్రయోగమే ఆధారముగ 1996లో కేంద్ర ప్రభుత్వము జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమును ఆరంభించినది. మానసిక వైద్యము చదువువారు 'బళ్ళారి నమూనా' అని దీనిని పాఠముగ చదువుదురు. మా గదికి వచ్చువారిలో ఆ మాట విన్నవారు నాకు ఇంతవరకు తటస్థపడలేదు. దీపము క్రింద చీకటి యన్నమాట. కాని దీపము ఆరలేదు. ప్రభుత్వాసుపత్రిలో వైద్యుడున్నాడు, మందులున్నవి. అక్కడికి మనిషిని చేర్చుటయే మా పని. బస్సు ఎక్కించుట, చీటి వ్రాయించుట, వరుసలో వెంట నిలుచుట.

అట్లు వెంట పోయినప్పుడు నాకు దుబాసి పని పడును. బజారున కన్నడము ధారాళముగ మాటలాడువాడును, మనసు చెదరినవేళ తల్లిభాషలోనికి జారును. ఒక పూర్వవిద్యార్థి, పద్యపఠనమున బహుమానములు పొందినవాడు, డిగ్రీ రెండవ యేట వ్యాధిగ్రస్తుడయ్యెను. 'ఎవరైన మాటలాడినట్లు వినబడునా' అని వైద్యురాలు కన్నడమున అడుగగా లేదని తల యూచెను. నేను తెలుగున అడుగగా కొంతసేపు ఊరకుండి, "వాళ్లు తెలుగులోనే తిడతారు సార్" అనెను. ఆ వాక్యమును ఉన్నదున్నట్లు కన్నడమున చెప్పితిని. దుబాసి ధర్మము మా వృత్తికి విరుద్ధమైనది. తరగతిలో పిల్లవాని వాక్యమును దిద్దినందుకు మాకు జీతము, అక్కడ దిద్దరాదు. కర్త లేని వాక్యమునకు కర్తను చేర్చరాదు. నడుమ తెగిన మాటను పూరింపరాదు. "కడుపులో ఏందో దేవుతాంది" అనినచో కడుపనియే చెప్పవలెను గాని, దిగులని టీక వ్రాయరాదు. ఆ తెగుటయే వైద్యురాలు వెదకుచున్న లక్షణము కావచ్చును.

ఏ మందు వాడవలెనను విషయమున మేము నోరు మెదపము. అది వైద్యుల పని. మాత్రలు ఆగకుండ చూచుట మాది. గుణము కనబడగానే మాత్రలు మానుట మన ఇండ్లలో సాధారణము. కొంతకాలమునకు వ్యాధి తిరుగబెట్టును. అప్పుడు మందు పనిచేయలేదందురు. దేవళమునకో దర్గాకో పోవువారిని మేము పోవద్దనము. మొక్కుకొనుడు, మాత్రయు మింగుడు, అందుము. కాని గొలుసు కనబడినచో ఊరకుండము. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఎర్వాడిలో రోగులనుంచిన ఒక పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్న 25 మందికి పైగా లేచి పరుగెత్తలేక కాలిపోయిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది.

మా ఎండలు ఇంకొక గండము. బళ్ళారికి రెండే ఋతువులు, ఎండాకాలము, మండుటెండాకాలము, అని పరిహాసమాడుదురు. ఈ వ్యాధులకు వాడు మందులలో కొన్ని చెమటను తగ్గించుటచే దేహము వేడెక్కును. లిథియము మింగువారికి ఒంటిలో నీరు తగ్గినచో ఆ మందే విషమగును. రేకుల కప్పుల క్రింద జీన్సు కుట్టువారికి, దారములు కత్తిరించువారికి ఇది మాటలు కాదు. కావున మార్చి నెలనుండి మా యువకుడు సాయంకాలములందు ఫోనులు చేయును: నీళ్లు త్రాగుచున్నారా, చేతులు వణకుచున్నవా, నడక తడబడుచున్నదా. ఒక్కటి అవునన్నచో వెంటనే ఆసుపత్రికి బయలుదేరదీయును. అతని బండికి మేము వెనుకబడుట కూడ కలదు.

ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు నాటకములు వ్రాసి ఆడించిన ఊరు మనది. ఆ అభిమానముతోనే చెప్పుచున్నాను: మన వార్షికోత్సవ నాటికలలో నవ్వించుటకు ఒక పిచ్చివాని వేషమును, ఒక నత్తివాని వేషమును పెట్టు వాడుక నాకు నచ్చదు. మూడేండ్లుగా నా చేతికి వచ్చిన నాటికలనుండి వానిని తీసివేయుచున్నాను. నవ్వు తగ్గినదని కొందరన్నారు. నిజమే, తగ్గినది.

విద్యార్థులారా, మీకు పనికివచ్చు సంగతులు కొన్ని. 40 శాతమునకు తక్కువ కాని వైకల్యము గల పిల్లలకు 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు. మీ వీధిలో బడి మానిన అట్టి పిల్లలున్నచో వారి తల్లిదండ్రులను మా గదికి పంపుడు. ఇక నిద్ర పట్టక, తిండి సహింపక, బ్రతుకుమీద విసుగు పుట్టినచో, మీ ఇంటనో నాతోనో చెప్పుడు. చెప్పుటకు నోరాడనిచో 14416 అను సంఖ్యకు ఫోను చేయుడు. 2022 అక్టోబరు 10వ తేదీన ఆరంభమైన టెలి మానస్ అది. ఖర్చు లేదు, రాత్రింబవళ్లు పలుకుదురు, తెలుగుననే మాటలాడవచ్చును. ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్రమైన మనోవేదనలో నున్నవారిగ ఎంచవలెనని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. పోలీసులకు వెరచి అట్టివారిని ఇంట దాచి వైద్యము ఆలస్యము చేయరాదు.

మా ఖర్చు పెద్దది కాదు. ఆటోలు, జిరాక్సులు, నోటుబుక్కులు. నలుగురి చందాలతో జరుగుచున్నది. సంఘముగ నమోదు చేయించుడని సలహా ఇచ్చువారున్నారు. నమోదైనచో విరాళములు వచ్చును, లెక్కలు వచ్చును, బోర్డును వచ్చును. ఆ తల్లి ఒప్పుకొనలేదు. డబ్బుకంటె మనుషుల కొరత పెద్దది. ఈ వేసవితో నర్సమ్మగారు కుమారుని యొద్దకు పుణె పోవుచున్నారు. వచ్చిన మనిషి నడకను చూచి మాత్రలు సరిగ పడుచున్నవో లేదో చెప్పగలిగిన కన్ను ఆమెది. ఆ స్థానమున ఎవరు కూర్చుందురో ఇంకను తేలలేదు.

తల్లులందరి ప్రశ్న ఒక్కటే: నా తరువాత ఎవరు? బుద్ధిమాంద్యము, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బహువైకల్యములు గలవారికి 18 ఏండ్లు నిండిన పిదప సంరక్షకుని నియమించుటకు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద జిల్లాధికారి అధ్యక్షతన ఒక సమితి యుండును. మా గదిలోని తల్లి ఆ దరఖాస్తును నాచేత పూర్తిగ వ్రాయించుకొన్నది. సంరక్షకుని పేరు వ్రాయవలసిన చోటు మాత్రము ఖాళీగ నున్నది. పెద్ద కొడుకు సరేనన్నాడు. కోడలు ఇంకను మాటలాడలేదు. మానసిక వ్యాధి గలవారికి ఈ చట్టము వర్తింపదు. వారు స్వస్థతగ నున్నప్పుడు తమకొక ప్రతినిధిని వ్రాసి యుంచుకొనుటకు 2017 నాటి చట్టమున వీలున్నది. మా పూర్వవిద్యార్థి తన అక్క పేరు తానే చెప్పి, తానే సంతకము చేసినాడు.

అతడు వచ్చే బుధవారము వైద్యమండలి యెదుటికి పోవలెను. అతని తల్లి తెలుగు బడిలో అయిదవ తరగతి వరకు చదివినది. ఆమె నోటుబుక్కును నిన్న తెచ్చియిచ్చినది. ముప్పదియొక దినములు, దినమునకొక పుట. మొదటి పది పుటలలోను "బాగుండాడు" అను నొక్క మాటయే యున్నది. పదునొకండవ దినమునుండి వ్రాత చిన్నదై పుటలు నిండసాగినవి. నేను వానిని కన్నడమునకు మార్చుచున్నాను; ఇంకను తొమ్మిది పుటలు మిగిలియున్నవి.