గోర్కీ, జాజ్, కొల్లేటి కీబోర్డు

జాజ్ సంగీతమంటే అభ్యుదయవాదులలో చాలామందికి చిరకాలంగా అనుమానం. దాని వెనుక మక్సీమ్ గోర్కీ వున్నాడు. 1928లో ఆయన ప్రావ్దా పత్రికలో ఒక వ్యాసం రాసి, ఇది బలిసినవాళ్ళ సంగీతమన్నాడు. ఇటలీలోని సొరెంటోలో, పక్క హోటలు రేడియోనుంచి రాత్రిపూట వినవచ్చిన మోత ఆయనకు రోత కలిగించింది. "అమ్మ" రాసిన చేతిమీది గౌరవంకొద్దీ మనం యీ తీర్పును కూడా పదిలంగా దాచుకున్నాము. నేను మాత్రం దానిని ఒప్పుకోలేను. అందుకు కారణం నాకు పుస్తకాలలో దొరకలేదు. తాడేపల్లిగూడెంలో ఎం.ఏ. తెలుగు చదివిన రెండేళ్ళూ, ఆదివారాలు ఒక కొల్లేటి లంకకు పోయి జాజ్ పియానో సాధన చేస్తూ తెలుసుకున్నాను.

పియానో అన్నానే గాని, మా వైపు పియానో ఎవరింట వుంది? 88 మెట్ల ఆ వాద్యాన్ని సినిమాలలో చూడటమే. మాకు అందినది 61 మెట్ల కీబోర్డు. అదైనా నేను చూసినది మేడలలో కాదు, దళిత పేటల చర్చిలలో.

నాకు నేర్పినాయన్ని మాస్టారని పిలిచేవాణ్ణి. వారమంతా ఆయన చేపల చెరువుమీద కూలి. చిల్లులు పెట్టిన సంచులలో తవుడు నింపి, పడవమీద పోయి, నీళ్ళలో పాతిన గెడలకు కట్టి రావటం పని. ఆదివారం అవే వేళ్ళు కీబోర్డుమీద నడిచేవి. కీర్తన ఎత్తుకునే ముసలమ్మ ఏ శ్రుతిలో ఎత్తుకుంటే ఆ శ్రుతిలో అందుకోవాలి. శ్రుతి మార్చే మీట ఒకటి కీబోర్డుకే వుంది. దానిమీద నన్ను చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. "మీట నొక్కితే పెట్టె మారుద్ది బాబూ, నీ చెయ్యి మారదు" అనేవాడు. ఒకే పాటను పన్నెండు శ్రుతులలోనూ వాయించటం జాజ్ విద్యార్థులకు తప్పనిసరి సాధన అని నాకు తరవాత తెలిసింది.

జాజ్ అనే పేరు ఆయన వినలేదు. థెలోనియస్ మంక్ వాయించిన బ్లూస్ ఒకటి ఫోనులో వినిపించాను. రెండుసార్లు విని, "ఈయన 'గ' దగ్గర ఎటూ తేల్చడేంటి?" అన్నాడు. బ్లూస్ గుట్టు సగం అదే. పన్నెండు ఆవర్తాల చట్రం. ఎడమ చేతికి షడ్జమం, మధ్యమం, పంచమం ఆధారంగా మూడే స్వరగుచ్ఛాలు. కుడిచెయ్యి సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య తచ్చాడుతుంది. గొంతు ఆ రెంటి నడుమ నిలవగలదు. పియానోకు ఆ నడిమి మెట్టు లేదు గనుక రెండు మెట్లనూ ఒరిపిస్తారు. బానిసల బిడ్డలు తమ గొంతును యూరపు పెట్టెలో పలికించటానికి పడిన పెనుగులాట ఆ ఒరిపిడిలో వుంది. నడక మరీ చిత్రం. కాగితంమీద సమానంగా వున్న రెండు స్వరాలలో మొదటిదాన్ని సాగదీసి రెండోదాన్ని కుదిస్తారు. మాస్టారు దానిని బల్లమీద అరచేత్తో కొట్టి చూపితే, ఛందస్సు చదివిన నాకు వరసగా హగణాలు వినిపించాయి: ఒక గురువు, ఒక లఘువు.

"ఎం.ఏ. చదివేవాడికి చర్చి పెట్టెతో పనేమి?" అన్నారు బంధువులు. ఆ మాటలో కులం దాగలేదు. "అమెరికా క్షీణసంస్కృతి" అన్నారు సాహితీమిత్రులు. అది సిద్ధాంతంలా వున్నా, వినకుండా చెప్పిన మాట.

టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే నల్లజాతి పియానో విద్వాంసుడు బొంబాయి తాజ్ హోటల్లోనూ, కలకత్తా గ్రాండ్ హోటల్లోనూ వాయించేవాడు. వినేవారు దొరలు, ధనికులు. ఆయన 1945లో కలరా సోకి కలకత్తాలోనే చనిపోయాడు. హోటలు కిటికీ బయట నిలబడి వింటే శ్రోతల వర్గం తెలుస్తుందేమో గాని, వాయించేవాడి వర్గం తెలియదు. కొల్లేటి చేప మంచుపెట్టెలలో లారీలెక్కి బెంగాలు పోతుంది. అక్కడి భోజనబల్లను చూసి తవుడు సంచి కట్టినవాడి సంగతి చెప్పగలమా?

గోర్కీ కోపంలో నిజం బొత్తిగా లేదనను. జాజ్‌ను సరుకు చేసి అమ్మినవారున్నారు. ప్రచారానికి వాడుకున్న ప్రభుత్వం వుంది. 1963లో అమెరికా ప్రభుత్వం డ్యూక్ ఎలింగ్టన్ బృందాన్ని మన దేశానికి పంపింది. అప్పటికి అక్కడ నల్లవారి ఓటుహక్కును కాపాడే చట్టం రావటానికి ఇంకా రెండేళ్ళు వుంది.

ఇప్పుడు నేను పాఠాలు చెప్పే కళాశాలలో సంగీత పోటీలకు కర్ణాటకం, లలితం అని రెండే పట్టికలు. లంకలనుంచి వచ్చే విద్యార్థులలో నలుగురు కీబోర్డు బాగా వాయిస్తారు. మూడో పట్టిక పెట్టమని రెండేళ్ళుగా అడుగుతున్నాను. ఆ నలుగురి పేర్లు ఎక్కడ రాయాలో ఇంకా తేలలేదు.