అమ్మ ఎప్పుడూ ‘ఫ్రీ’నే!

మనం తెల్లారిలేస్తే వాడే ఇంగ్లిష్ మాటల్లో ‘ఫ్రీ’ ముందు వరసలో ఉంటుంది. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ. కూరగాయలు కొంటే కరివేపాకు ఫ్రీ (ఈమధ్య అదీ అడిగితే కోపంగా చూస్తున్నారనుకోండి). షర్టు వదులుగా ఉంటే ‘ఫ్రీగా ఉంది’ అంటాం. మొహమాటపడే కొత్తల్లుడితో ‘ఫ్రీగా ఉండు బాబూ’ అంటాం. ‘షుగర్ ఫ్రీ’ దగ్గరికొచ్చేసరికి అర్థం తిరగబడి ‘లేనిది’ అయిపోతుంది. చక్కెర ఉండదు, రేటు మాత్రం ఉంటుంది!

ఈ మాటతో ఇంగ్లిష్‌వాళ్లకీ తిప్పలే. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఆయన ఉద్దేశం స్వేచ్ఛ. జనానికి మాత్రం ‘డబ్బులు కట్టక్కర్లేదు’ అని వినబడింది. ఇప్పటికీ ఆ తేడా వివరిస్తూనే ఉన్నారు. మనకైతే స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు, ఖాళీ వేరు. మూడు మాటలుండి కూడా మూడింటికీ ‘ఫ్రీ’నే వాడేస్తున్నాం.

నాకు చిరాకు తెప్పించేది ఆ మూడోదే. మా చుట్టాల్లో ఎవరింటికి ఎలక్ట్రీషియన్ రావాలన్నా, ఎవరి పిల్లల్ని స్కూల్ నుంచి తేవాలన్నా ఫోన్ అమ్మకే వస్తుంది. ‘నువ్వు ఇంట్లో ఫ్రీనే కదా వదినా!’ అమ్మ చేతిలో అట్లకాడ ఉంటుంది, పొయ్యి మీద చారు మరుగుతుంటుంది. అయినా ‘ఆఁ, ఖాళీనే చెప్పు’ అంటుంది.

2019లో కేంద్రం చేసిన టైమ్ యూజ్ సర్వే చూస్తే, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. అంటే దాదాపు ఐదు గంటలు. మగవాళ్లయితే 97 నిమిషాలు. అదీ ఆ పని చేసేవాళ్లలో. అసలు చేసే మగవాళ్లే నూటికి 26 మంది!

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఫ్రీ కదా. కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తాడు. టికెట్ మీద సున్నా ఉన్నా ఆ డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాల్సిందే. అమ్మ ఐదు గంటలకి మాత్రం అలాంటి లెక్క ఎక్కడా లేదు.

మొన్న ఆ జీరో టికెట్‌తోనే జనగామలో చిన్నమ్మ దగ్గరికెళ్లింది. వెళ్లిన గంటలోపే నాన్న ఫోన్: ‘పప్పుకి ఎన్ని విజిల్సు?’ ఆ తర్వాత అత్త ఫోన్: ‘శనివారం ఫ్రీనేనా? వాషింగ్ మెషీన్ అతనొస్తాడు, కాస్త ఇంట్లో ఉంటావా?’

‘శనివారం నాకు కుదరదు’ అంది అమ్మ.

ఏం పనుందో చెప్పలేదు. నేనూ అడగలేదు.