ముందు పెరిగి, తర్వాత తగ్గుతుందట!

బంతి కుడివైపు వంగిపోతోందని గోల్ఫ్ కోచ్ నా గ్రిప్ మార్చి నెలయింది. వంకర పోలేదు సరికదా, పదింటిలో నాలుగు నేలమీదే దొర్లుతున్నాయి. "కొన్నాళ్లు ఇంతే, ఓపిక పట్టండి" అంటాడాయన.

హోమియో మాత్రలతో మా అత్తయ్య మోకాళ్ల నొప్పి పెరిగినప్పుడు ఆ డాక్టరుగారు చెప్పిందీ ఇదే. అప్పుడు నేను నవ్వాను!

టైగర్ వుడ్స్ 1997 మాస్టర్స్‌ను 12 స్ట్రోకుల తేడాతో గెలిచాక కూడా స్వింగ్ మార్చుకున్నాడు. 1998లో పీజీఏ టూర్‌లో ఒక్కటే గెలుపు, 2000లో మూడు మేజర్లు. కోచ్ చూపే సాక్ష్యం ఇది. మార్చుకుని మునిగినవాళ్ల లెక్క ఎవరు రాశారు?

అందుకే ముందే షరతు రాసుకున్నాను: మరో 600 బంతులు. చివరి వందలో సగమైనా తిన్నగా పోకపోతే పాత గ్రిప్పే. కోచ్ మొహం చిన్నబోయింది.

అత్తయ్యకు చెబితే, "నవ్వే బదులు ఈ మాట నాకప్పుడే చెప్పొచ్చుగా?" అంది.