ఆ కోటు బాపుది కాదు

పోస్టు కొంచెం పొడుగే, ఓపికతో చదవండి.

హాస్టల్లో మా గదిలో ఆరుగురం ఉంటాం. నలుగురం గోండులం, ఒకడు కోలాం, ఒకడు నాయక్‌పోడు. మా ఇండ్లల్లో కాలేజీ దాకా వచ్చింది మేమే మొదలు. ఈ ఏడాది ఒక పని పెట్టుకున్నాం. ప్రతి ఆదివారం ఒక అంశం అనుకోవాలి, దాని మీద ఒక్కొక్కరు ఒక్క ఫోటో చూపియ్యాలి. ఉత్త ఫోటో చూపిస్తే కుదరదు, దాని వెనక ముచ్చట కూడా చెప్పాలి.

మొదటి వారం 'నీళ్లు'. ఎండకాలం వాగు ఇసుకలో తవ్విన చెలిమె ఫోటో ఒకటి వచ్చింది. గిన్నెతో తోడి బిందె నింపడానికి ఎంతసేపు పడుతుందో ఆ రాత్రి చెప్పుకున్నాం. రెండో వారం 'చేతులు'. తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరుతున్న అమ్మ చేతులను మాలో ఒకడు ఎండకాలం సెలవుల్లో తీశాడట. "మొఖం తియ్యకుండ చేతులెందుకురా, గోర్ల నిండ మట్టే ఉంది" అని ఆమె చేతులు కొంగులో దాచుకుందట. ఫోటోలో సగం చేతులు, సగం కొంగు ఉన్నాయి. అందరికీ అదే నచ్చింది.

మూడో వారం వచ్చింది కష్టం. అంశం 'మన ఇంట్లో అన్నిటికన్నా పాత ఫోటో'. అల్కగ ఉంటదనుకున్నాం. ఇండ్లకు ఫోన్లు చేసి అడిగితే తెలిసింది. ఒకరింట్లో పాత రేషన్ కార్డు మీది కుటుంబం ఫోటో తప్ప ఇంకోటి లేదు. ఒకరి నానమ్మది బ్యాంకు పాసుబుక్కు మీద అతికించిన ఫోటోనే. మన పెద్దోళ్లను సంతోషంగా ఉన్నప్పుడు ఎవరూ ఫోటో తీయలేదు. ఆఫీసుకు కాయితం కావాల్సి వచ్చినప్పుడే తీశారు. అందుకే అన్నిట్లో భయపడ్డట్టు కూర్చున్నారు.

మాలో ఒకడు మాత్రం ఏమీ చూపియ్యలేదు. రాత్రి లైట్లు ఆర్పినంక ఫోన్ తీసి ఇచ్చాడు. వాళ్ల బాపు పోయి మూడేండ్లు. పోయినప్పుడు ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఆధార్ కార్డు తీసుకొని మండలంలో స్టూడియోకు పోతే, అక్కడ ఆ మొఖం పెద్దగ చేసి, కింద నల్ల కోటు, ఎర్ర టై పెట్టి, వెనక నీలం రంగు పోసి ఇచ్చారట. గోడకు అదే ఉంది, దండ వేసి. "ఆ కోటు బాపుది కాదు. బాపు ఎప్పుడూ బనీను మీద తువ్వాల వేసుకునేటోడు. మా చెల్లెకు బాపు అంటే ఆ కోటాయినే యాదికి ఉన్నడు" అన్నాడు. ఆ రాత్రి ఎవరం మాట్లాడలేదు.

మనవాళ్ల ఫోటోలు అసలే లేవా అంటే, ఉన్నాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను చంపినంక నిజాం సర్కారు మన పరిస్థితి తెలుసుకోవడానికి హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆస్ట్రియాలో పుట్టిన ఆ మానవశాస్త్రవేత్త, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో మనవాళ్ల మధ్యనే ఉన్నారు. వాళ్ల సమాధులు కూడా అక్కడే ఉన్నాయి. ఆయన తీసిన ఫోటోలు ఇప్పుడు లండన్‌లో ఒక విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. కొన్ని మేము ఫోన్‌లో చూశాం. వాటిలో మనవాళ్లు నవ్వుతున్నారు, దర్జాగా నిలబడ్డారు. ఆయన తీయకపోతే అవి కూడా మనకు లేకపోవు. కానీ మేము చూసినవాటిలో కొన్నిటి కింద తెగ పేరుంది, ఊరి పేరుంది, మనిషి పేరు లేదు. ఆ నవ్వే ముసలామె మాలో ఎవరి తాతకు తల్లో మేమెట్ల గుర్తుపట్టాలి?

అందుకే మా గదిలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఫోటో కింద మనిషి పేరు, ఊరు, ఏ రోజు తీసిందీ రాయాలి. అడగకుండా తీయొద్దు. ఇది మా తప్పుతోనే నేర్చుకున్నాం. 'పండుగ' అంశం వచ్చినప్పుడు ఒకడు ఊర్లో పూజ దగ్గర తీసిన ఫోటో అందరికీ పంపితే, "దేవుని దగ్గర తియ్యొద్దని తెల్వదా, చదువుకున్నోళ్లకు మేము చెప్పాల్నా?" అని పెద్దలు అన్నారు. వెంటనే తీసేశాం. దాచుకోవాల్సినవి, పంచుకోవాల్సినవి వేరు వేరు.

దండారికి ఇండ్లకు పోయినప్పుడు మా దోస్తు ఊరంతా తిరిగాడు. ఎవరింట్లో పెండ్లి ఆల్బం ఉంటే అది అడిగి చూశాడు. నాలుగో ఇంట్లో దొరికింది. పెండ్లి పిల్ల, పిల్లగాడి వెనక, మూలకు, అన్నం గంప పట్టుకొని పోతున్న మనిషి. మొఖం సగమే కనపడుతుంది, అది కూడా మసకగ. భుజం మీద తువ్వాల ఉంది. వాళ్ల అమ్మ చూసి, "గిట్లనే నడిచేటోడు" అని ఒక్క మాట అని, ఫోన్ చాలాసేపు చేతిలోనే పట్టుకుందట. చెల్లె మాత్రం "ఎవరన్నా ఈయన?" అని అడిగిందట. ఆ రోజు అన్న చెప్పాల్సిన ముచ్చట్లు చాలా అయినయి.

కోటు ఫోటో ఇంకా గోడకే ఉంది. పక్కన ఇది పెట్టారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ ఇంట్లో పెద్దోళ్లను అడిగి ఒక్క ఫోటో తీయండి. పని చేసుకుంటున్నప్పుడు, నవ్వినప్పుడు. పేరు రాయండి. ఇక్కడ పెట్టాలనుకుంటే మళ్లీ అడిగి పెట్టండి. మా దోస్తు బాపు ఫోటో మేము పెట్టడం లేదు. వాడే పెడతానన్నాడు. పేరు కూడా వాడే రాస్తాడు.