నిద్రాణ సంస్కారం: ఒక మట్టిబాట చెప్పిన పాఠం

కఠోపనిషత్తు ప్రథమాధ్యాయంలోని తృతీయవల్లి దేహాన్ని రథంతో పోలుస్తుంది. ఆత్మ రథస్వామి, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు అశ్వాలు. ఈ ఉపమానాన్ని వినేవారి దృష్టి సాధారణంగా అశ్వాల మీద, పగ్గం మీద నిలుస్తుంది. అందులో మరొక అంశం కూడా ఉంది: ఆ అశ్వాలు సంచరించే మార్గాలు. శబ్దస్పర్శాది విషయాలే ఆ మార్గాలని శ్రుతి తాత్పర్యం. అశ్వాలు అవే, సారథి అతడే అయినప్పటికీ, మార్గం మారినప్పుడు ఏమవుతుంది? ఒక దేశంలో సిద్ధించిన నైపుణ్యం మరొక దేశంలో యథాతథంగా ఉపకరిస్తుందా? ఈ ప్రశ్న మదనపల్లెకు చెందిన ఒక గృహస్థుకు కాలిఫోర్నియాలోని ఒక కొండబాట మీద ఎదురైంది.

యౌవనంలో ఆయనకు ఒక యమహా ఆర్‌ఎక్స్ 100 ఉండేది. 1996లోనే దాని ఉత్పత్తి ఆగిపోయినా, ఆ ప్రాంతపు యువకులు దానిని ప్రాణసమానంగా కాపాడుకునేవారు. బెంగళూరు నుంచి తెప్పించిన గుబ్బల టైర్లు బిగించి, ఆదివారం తెల్లవారుజామున హార్స్‌లీ కొండల పాదప్రాంతంలోని గొర్రెల బాటల మీద, ఎండిన వంకల ఇసుకలో ఆయన సవారీ చేసేవారు. నేర్పిన గురువు లేడు, నియమాలు రాసిన పలక లేదు. పడటం, లేవటం, మళ్లీ ఎక్కటం, ఇదే అక్కడి శిక్షణ. తరువాత ఉద్యోగం, వివాహం, విదేశయానం. 2011లో బండి అమ్ముడుపోయింది. టూ-స్ట్రోక్ నూనె కాలిన వాసన మాత్రం స్మృతిలో మిగిలింది.

పదమూడు సంవత్సరాల తరువాత, నలభై రెండవ ఏట, ఆయన మళ్లీ ఒక డర్ట్ బైక్ కొన్నారు. శాన్ హోసేకు దక్షిణంగా సుమారు గంట ప్రయాణ దూరంలో హోలిస్టర్ హిల్స్ అనే విస్తృతమైన కొండప్రాంతం ఉంది. రాష్ట్ర ప్రభుత్వం దానిని మట్టిబాటల సవారీ కోసమే నిర్వహిస్తోంది. ప్రఖ్యాతమైన శాన్ ఆండ్రియాస్ భ్రంశరేఖ ఆ ప్రాంతం గుండానే వెళుతుంది. రేఖకు ఇరువైపులా నేల స్వభావమే వేరు: ఒక వైపు గ్రానైట్ శిథిలమై ఏర్పడిన గరుకు మట్టి, మరొక వైపు బంకమన్ను పాలు అధికం. సంవత్సరానికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున భూఫలకాలు ఒకదానిని ఒకటి ఒరుసుకుంటూ జరిగే చోటు అది. స్థిరమని తోచేది స్థిరం కాదనే సత్యానికి అక్కడ నేలే సాక్ష్యం.

అక్కడ ప్రతిదానికీ నియమం ఉంది. బండికి ప్రభుత్వపు నమోదు చిహ్నం ఉండాలి. ధ్వని 96 డెసిబెల్స్ మించరాదు. ఎండుగడ్డి అంటుకోకుండా పొగగొట్టంలో నిప్పురవ్వలను ఆపే జాలి ఉండాలి. బాట మొదట్లో దాని కాఠిన్యాన్ని తెలిపే గుర్తు ఉంటుంది: ఆకుపచ్చ వృత్తం సులభం, నీలి చతురస్రం మధ్యమం, నల్ల వజ్రాకృతి కఠినం. శాస్త్రాలు చెప్పే అధికారిభేదం వంటిదే ఇది. సాధకుడు తన యోగ్యతను తానే నిర్ణయించుకుని, తగిన ద్వారంలో ప్రవేశించాలి. ఆ గృహస్థు మొదటి రోజునే నీలి చతురస్రం ఎంచుకున్నారు. ‘హార్స్‌లీ కొండల రాళ్లలో తిరిగినవాడికి ఈ వృత్తాలు దేనికి?’ అనే భావం ఆయనలో ఉండింది. అది వైరాగ్యంలో పుట్టిన నిర్భయత్వం కాదు, గతాన్ని వర్తమానంగా భావించే అహంకారం.

ఆశ్చర్యకరంగా, దేహం మొదట ఆయనను సమర్థించింది. పాదపీఠాల మీద నిలబడటం, మోకాళ్లతో ట్యాంకును పట్టి చేతులను వదులుగా ఉంచటం, రాయిని చూడక రాయి పక్కనున్న దారిని చూడటం, ఇవన్నీ పిలవకుండానే వచ్చాయి. దృష్టి ఎక్కడ నిలిస్తే బండి అక్కడికే పోతుందన్నది ఈ విద్యలో ప్రథమ సూత్రం. పదమూడేళ్లు నిద్రించిన విద్య ఒక్క గడియలో లేచి కూర్చుంది. ఆయన ఆనందానికి అవధి లేదు.

పతంజలి క్లేశాలకు నాలుగు అవస్థలు చెప్పాడు: ప్రసుప్తం, తనువు, విచ్ఛిన్నం, ఉదారం. ప్రసుప్తమంటే బీజరూపంలో నిద్రించేది. తగిన ఆలంబనం దొరికినప్పుడు అది మొలకెత్తుతుంది. నిద్రించిన నైపుణ్యమూ ఇదే విధంగా మేల్కొంటుంది. అయితే ఒకే నేలలో పడిన విత్తనాలు ఒకే వానకు మొలుస్తాయి, పైరుతో పాటు కలుపు కూడా లేస్తుంది. ఈ రెండవ సంగతి ఆయనకు అప్పటికి తెలియలేదు.

ఆ ఉదయం ఎదురుగా ఒంటరిగా వచ్చిన ఒక సవారు ఆయనను దాటుతూ ఎడమచేతి పిడికిలి బిగించి పైకెత్తి చూపాడు. ఆయన మనస్సు చివుక్కుమన్నది. ‘నేను చేసిన తప్పేమిటి? పరాయివాడినని ఇంత తిరస్కారమా?’ అనుకున్నారు. దేశాంతరంలో చాలాకాలం నివసించినవారి మనస్సులో ఇటువంటి గాయానికి చోటు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఆ తరువాత గంటసేపు చేతులు బండిని నడిపాయి, మనస్సు మాత్రం ఆ పిడికిలి చుట్టూ తిరిగింది. క్రోధం నుంచి సమ్మోహం, సమ్మోహం వలన స్మృతిభ్రంశం, దాని వలన బుద్ధినాశం అని గీత ద్వితీయాధ్యాయం చూపిన క్రమం ఎంత సూక్ష్మంగా పనిచేస్తుందో చూడదగినది. ఎక్కడా పెద్ద కోపం లేదు, ఒక చిన్న రుసరుస మాత్రమే. స్మృతి తప్పడానికి అంతమాత్రం చాలింది.

రెండు దిక్కుల రాకపోకలున్న ఒక ఇరుకు బాటలో ఆయన దిగుతున్నారు. ఎదురుగా ఎక్కుతూ వచ్చిన ఒక పెద్దమనిషి ఒక వేలు పైకెత్తి చూపి దాటిపోయాడు. ఇది పలకరింపేమోనని ఆయన తల ఊపారు. వెంటనే మలుపు. మలుపులో చిన్న బండి మీద పన్నెండేళ్ల బాలుడు.

ఆ క్షణంలో ఆయన దేహం ఎడమవైపుకు మళ్లింది.

భారతదేశంలో ఎదురు వాహనం వస్తే ఎడమకు తప్పుకోవాలి. అమెరికాలో కుడికి. ఆయనకు ఇది తెలియనిది కాదు. పదమూడేళ్లుగా కారును కుడివైపునే నడుపుతున్నారు. కానీ ఆ జ్ఞానం కారుకు, తారురోడ్డుకు, పసుపు గీతకు అంటిపెట్టుకుని ఉంది. మట్టివాసన, చేతిలో హ్యాండిల్, కాళ్ల కింద గరుకు నేల, ఈ ఆలంబనాలతో మేల్కొన్నది మదనపల్లె సంస్కారం. దానికి తెలిసింది ఎడమ ఒక్కటే. బాలుడు తన దేశధర్మం ప్రకారం తన కుడికి జరిగాడు. ఇద్దరూ బాటకు ఒకే అంచు మీదికి వచ్చారు.

ఆయన ముందు బ్రేకును బిగించారు. గ్రానైట్ నలుసులు రాగులు చల్లిన బండలా జారాయి. చక్రం మొరాయించి బండి పక్కకు ఒరిగింది, ఆయన మణికట్టు నేలకు తగిలి బెణికింది. బాలుడి బండి రెండు జానల దూరంలో ఆగింది. వాడికి దెబ్బ తగలలేదు. పెద్ద కళ్లతో చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపును ఆయన తరువాత ఎన్నో రాత్రులు మరచిపోలేకపోయారు.

ముందు వెళ్లిన పెద్దమనిషి, ఆ బాలుడి తండ్రి, వెనుదిరిగి వచ్చాడు. కఠినమైన మాట ఒక్కటి కూడా అనకుండా, బండిని లేపడానికి సాయం చేసి, వేళ్లు కదులుతున్నాయో లేదో చూసుకోమన్నాడు. తరువాత నెమ్మదిగా, తాను ఒక వేలు చూపింది వెనుక ఇంకొకరు వస్తున్నారని హెచ్చరించడానికని చెప్పాడు. ఎంతమంది వస్తుంటే అన్ని వేళ్లు చూపటం అక్కడి ఆచారం. వెనుక ఎవ్వరూ లేని చివరివాడు పిడికిలి చూపుతాడు. పైకి ఎక్కేవాడికి దిగేవాడు దారి ఇవ్వటం కూడా అక్కడి మర్యాదే.

అప్పుడు ఉదయపు పిడికిలికి అర్థం తెలిసింది. ‘నా వెనుక ఎవరూ లేరు, నిర్భయంగా వెళ్లండి’ అని ఒక అపరిచితుడు చేసిన ఉపకారం అది. బ్రహ్మసూత్రభాష్యానికి ఉపోద్ఘాతంగా శంకర భగవత్పాదులు అధ్యాసను విచారించారు. ఒకదానిలో మరొకదాని ధర్మాన్ని ఆరోపించటమే అధ్యాస. మందాంధకారంలో రజ్జువు సర్పంగా భాసిస్తుంది. భయకంపాలు నిజంగానే కలుగుతాయి, సర్పం మాత్రం ఎన్నడూ లేదు. ఆ పిడికిలిలో తిరస్కారం ఎన్నడూ లేదు. దానిని ఆరోపించింది చూసినవాడి పూర్వవేదన. ఆ మిథ్యాసర్పం నిజమైన ఒక బాలుణ్ణి ప్రమాదం అంచుకు తెచ్చింది. అధ్యాస కేవలం తర్కవిషయమని భావించేవారు ఈ ఫలితాన్ని గమనించాలి.

ఇంటికి వచ్చి ఆయన మణికట్టుకు కట్టు కట్టుకున్నారు. జారిపడ్డానని చెప్పి ఊరుకోవచ్చు, అది అసత్యం కూడా కాదు. కానీ బాలుడి సంగతి దాచటం సత్యానికి చేసే ద్రోహమని తోచి, భార్యకు సమస్తం చెప్పారు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు ఇలా అడిగింది:

“నాకొక్క సంగతి చెప్పండి. మీరు అక్కడికి పోయేది బండి కోసమా, మదనపల్లెలో వదిలేసి వచ్చిన ఆ ఇరవై అయిదేళ్ల పిల్లవాడి కోసమా?”

ఆయన వద్ద సమాధానం లేదు. ఆమె మళ్లీ అన్నది: “బండి కోసమైతే పోయి రండి. నేను అడ్డు చెప్పను. ఆ పిల్లవాడి కోసమైతే మాత్రం వద్దు. వాడు అక్కడ దొరకడు. వాణ్ణి వెతుకుతూ మీరు ఎదుటివాళ్ల పిల్లలను చూసుకోరు.”

గృహిణి నోట వచ్చిన ఈ వాక్యం వివేకమే. ఒక విద్యను పునఃప్రారంభించేవాడు తరచుగా విద్యను కోరడు, ఆ విద్యతో తాదాత్మ్యం చెందిన పూర్వదేహాన్ని కోరుతాడు. గతించిన అవస్థ మీద నిలిచిన ఆ మమకారం ఉన్నంతకాలం కళ్లు ముందున్న బాటను చూడవు. విద్య పునఃప్రాప్తి పొందవచ్చు. వయస్సు పొందదు.

ఆరు వారాలు మణికట్టుకు విశ్రాంతి ఇచ్చి ఆయన మళ్లీ వెళ్లారు. ఈసారి ఆకుపచ్చ వృత్తం ద్వారా. నేర్చుకోవలసింది సవారీ కాదు, ఒక్క పదం: కుడి. ప్రతి మలుపుకూ ముందు వేగం తగ్గించి, ఎదురుగా ఎవరూ లేకపోయినా, బాట కుడి అంచుకు జరిగేవారు. మనస్సులో ‘కుడి’ అనుకునేవారు. విరుద్ధ సంస్కారాన్ని నిందించటం వలన అది పోదు, దాని ఎదుట ప్రతిపక్షభావనను నిలపాలి. దీర్ఘకాలం, అంతరాయం లేకుండా, ఆదరంతో సేవించిన అభ్యాసమే దృఢభూమి అవుతుందని యోగశాస్త్రం చెబుతోంది. ఆ మూడు లక్షణాలలో మూడవదే ఆయనకు కష్టమైంది. బాగా వచ్చిన విద్యలో ప్రాథమిక పాఠాన్ని ఆదరంతో చదవటం అహంకారానికి సహజంగా రుచించదు. పదేళ్ల పిల్లలు ఆయనను దాటి వెళ్లేవారు. మొదట సిగ్గు కలిగింది, తరువాత అది పోయింది.

శీతాకాలంలో ఒకనాడు, అటువంటి మలుపులోనే, ఒక సవారు మూడు వేళ్లు చూపి దాటాడు. ఆలోచన పుట్టకముందే ఆయన బండి కుడి అంచుకు చేరి నిలబడింది. ఒకరు, ఇద్దరు, ముగ్గురు. మూడవ సవారు పిడికిలి చూపాడు. ఆయన కూడా పిడికిలి చూపారు.

ఆ మరుసటి నెలలో ఆయన సెలవు మీద మదనపల్లెకు వెళ్లవలసి ఉంది. అక్కడ తమ్ముడి స్కూటరు ఎక్కితే మళ్లీ ఎడమకే తప్పుకోవాలి, కుడి అనే కొత్త సంస్కారం అక్కడ ప్రమాదహేతువు. ఎడమ గానీ కుడి గానీ పరమధర్మం కాదు. రెండూ దేశాన్ని అనుసరించిన విశేషధర్మాలు. ఎదుట వచ్చేవాడి ప్రాణం తన ప్రాణంతో సమానమన్నది మాత్రం సామాన్యధర్మం, దానికి సరిహద్దు లేదు. విశేషధర్మాలన్నీ దాని రక్షణ కోసమే ఏర్పడ్డాయి. ఈ తారతమ్యం ఎరిగిన సారథికి ఏ దేశపు మార్గమైనా మార్గమే. ఎరుగనివాడికి సొంత ఊరి బాట కూడా పరాయిదే.

ప్రయాణానికి ముందు రోజు భార్య నవ్వుతూ అడిగింది: “అక్కడ ఏ పక్క పోవాలో జ్ఞాపకముందా?”

“ముందు బండి ఆపి చూసుకుంటాను,” అన్నారు ఆయన.

స్వస్తి.