పూత మీద తోట

చిప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సంకేతాలను పట్టి చూపించే ఒక ఓపెన్ సోర్స్ పరికరానికి జనం దగ్గర ముందుగానే డబ్బు కూడగడుతున్నారు. కట్టాలా, వద్దా? వారం నుంచి ఇదే ఆలోచన.

మా కార్వేటినగరం చుట్టుపక్కల మామిడి తోటల్ని వ్యాపారులు పూత మీదే గుత్తకు పట్టుకుంటారు. కాయ నిలుస్తుందో, గాలివానకు రాలుతుందో అప్పటికి తెలియదు. ఇలా ముందుగా డబ్బు కట్టడమూ అంతే, కొనడం కాదు. జానో అనే డ్రోన్‌కి కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో పన్నెండు వేల మంది 23 లక్షల పౌండ్లు కట్టారు. 2015లో ఆ కంపెనీ దివాలా తీసింది.

అయితే ఓపెన్ సోర్స్‌లో ఒక తేడా ఉంది. 2014లో బన్నీ హువాంగ్ అనే హార్డ్‌వేర్ ఇంజనీరు నొవేనా ల్యాప్‌టాప్‌కి ఇలాగే డబ్బు సేకరించినప్పుడు సర్క్యూట్ గీతలన్నీ బయటపెట్టాడు. తయారీ ఆగినా గీత మిగులుతుంది, చేతనైనవాడు బోర్డు చేయించుకోవచ్చు. నాకు అన్నిటికంటే విలువైనది అదే.

మా పెదనాన్న బోరు మోటారు స్టార్టర్ బోర్డు పోతే, బాగుచేయడానికి గీత ఎక్కడా దొరకలేదు. రెండు రోజులు మడికి నీళ్లు లేవు. అది నేను మరిచిపోలేను.

ఈ పరికరానికి కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు కలిపి లెక్క వేశాను. పోయినా తట్టుకోగలిగిన డబ్బే. ఈ రాత్రి పుత్తూరు స్నేహితుడితో కూర్చుని దాని సర్క్యూట్ ఇంకోసారి చూస్తాను. ఫైళ్లన్నీ నిజంగా పెట్టుంటే, కట్టేస్తాను.