చేల కింద కొండలు

కొండ అంటే కంటికి కనిపించేదనే మనందరి నమ్మకం. చేల అడుగున కూడా కొండలుంటాయని మా జియాలజీ మాష్టారు చెప్పినప్పుడు, రైతు కొడుకుని గనక, నాకు ముందు చేనే గుర్తొచ్చింది.

అమెరికాలోని నార్త్ డకోటా, మోంటానా, కెనడాలోని సస్కాచెవాన్ ప్రాంతాల్లో కనుచూపు మేర గోధుమ చేలేనట. వాటి కింద విల్లిస్టన్ బేసిన్ అనే అవక్షేప శిలల దొంతర ఉంది. నడిమధ్యన మందం ఇంచుమించు 5 కిలోమీటర్లు. దానికీ అడుగున, సుమారు 180 కోట్ల ఏళ్ల కిందట ప్రాచీన భూఖండాలు ఢీకొని లేచిన ట్రాన్స్ హడ్సన్ పర్వతాల వేళ్లున్నాయి. శిఖరాలు ఎప్పుడో అరిగిపోయాయి.

మరి వాటిని చూసేదెలా? బరువైన లారీలు వరసగా నిలబడి, ఇనుప పలకలు నేలకానించి, కొన్ని సెకన్లపాటు భూమిని వణికిస్తాయి. ఆ తరంగాలు కిందికి పోయి, రాయి మారినచోటల్లా కొంత వెనక్కి తిరుగుతాయి. బారులుగా నాటిన జియోఫోన్లు వాటిని పట్టుకుంటాయి. తరంగం సెకనుకు 6 కి.మీ. పోతుందనుకుంటే, 10 సెకన్లకు తిరిగొచ్చిన ప్రతిధ్వని 30 కి.మీ. లోతుది. లెక్క అంతే! ఇలాగే అమెరికావారి కోకార్ప్, 1991లో కెనడావారి లిథోప్రోబ్ ఆ పర్వతాల అడ్డుకోతను చూపాయి. కొద్దిచోట్ల తప్ప పైకి కనబడని మరో ప్రాచీన ఖండం నడుమ ఇరుక్కుని ఉందని తేలింది.

మనవాళ్లూ తక్కువ తినలేదు. హైదరాబాదు ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రజ్ఞులు 1972–75 మధ్య సోవియట్ సహకారంతో కావలి నుంచి ఉడుపి దాకా, కడప బేసిన్ మీదుగా, 600 కి.మీ. పొడవునా మందుగుండు పేల్చి లోపలి పొరల్ని కొలిచారు.

సెలవుల్లో ఇదంతా మా నాన్నకు చెప్పాను. "ముప్పై కిలోమీటర్లు చూసేవాళ్లు మన చేలో మూడొందల అడుగులు చూడలేరట్రా?" అన్నాడు. మూడు బోర్లు ఎండి, అప్పు మిగిలిన మనిషి అడిగిన ప్రశ్న అది. నవ్వి తప్పించుకునేది కాదు.

జవాబుంది. అంత లోతుకు పోయొచ్చే తరంగం పొడుగు వంద, రెండొందల మీటర్లు. మా ఊరి గట్టిరాతిలో నీళ్లు దాగేది వేలెడు పగుళ్లలో. పెద్ద కన్నాల జల్లెడలో నువ్వులు నిలవవు కదా! పగుళ్ల కోసం విద్యుత్ నిరోధాన్ని కొలిచే పద్ధతి వేరే ఉంది. అదైనా నీళ్లు ఉండొచ్చని చెబుతుందే గాని ఖాయం చెయ్యదు. నాన్న అంతా విని, "అయితే రెండూ నేర్చుకో" అన్నాడు.

పాత కొండలకు తొందర లేదు, మా చేనుకుంది. అందుకే ఎమ్మెస్సీకి జియోఫిజిక్సే కోరుకుంటున్నాను. మన కాలేజీనుంచి ఆ దారి పట్టే మిత్రులింకా ఉంటే, కలిసి వెళ్దాం రండి.

— బి.ఎస్సీ., చివరి సంవత్సరం